ఐదో తరగతి పూర్తవుతోంది, ఆరుకు ఎక్కడ చేర్చాలి? లంక గ్రామం నుంచి ఒక తల్లి ప్రశ్న

వైనతేయతీరం (పి.గన్నవరం మండలం)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి మా లంకలోని మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో ఐదో తరగతి చదువుతోంది. వేసవి సెలవులతో ఆ బడి అయిపోతుంది. ఆరో తరగతికి ఏటి అవతలికి పంపక తప్పదు. మావారు కౌలుకు అరటి, కంద వేస్తారు. నేను డ్వాక్రా సంఘం పుస్తకాలు రాస్తాను. రాత్రి భోజనాల దగ్గర రోజూ ఇదే మాట.

మాకు మూడు దారులు కనిపిస్తున్నాయి. మొదటిది కాజ్‌వే దాటాక నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న జిల్లా పరిషత్ హైస్కూలు. రెండోది పట్నంలోని ప్రైవేటు స్కూలు. వాళ్ల బస్సు మెయిన్ రోడ్డు వరకు వస్తుంది. సంక్రాంతి వెళ్లినప్పటి నుంచి వాళ్ల మనిషి ఇంటికి వస్తూనే ఉన్నాడు. ఐదు వేలు కట్టి సీటు ఖాయం చేసుకోండి, ఈ నెల దాటితే ఫీజు పెరుగుతుంది అంటున్నాడు. మూడోది నవోదయ, కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత వసతి బడి. డిసెంబరు 13న పరీక్ష రాసింది, ఫలితం ఇంకా రాలేదు.

మా ఆడపడుచు రావులపాలెంలో ఉంటుంది. హాస్టల్లో వేసి చదివించండి, ఆడపిల్లని ఏరు దాటించి ఎలా పంపుతారు అంటుంది. మా అత్తగారికి పిల్ల కళ్ల ముందు ఉండాలి. మావారు ఏ మాటా తేల్చరు. పిల్ల చదువు బాగానే ఉంది, లెక్కలంటే ఇష్టం, ఇంగ్లీషు చదువుతుంది కానీ మాట్లాడలేదు. ఆరో తరగతి ప్రవేశం అసలు ఎలా జరుగుతుంది, ఏ కాగితాలు కావాలి, హైస్కూల్లో సీటు లేదంటే ఏం చేయాలి, తెలిసినవారు చెప్పండి. వరద రోజుల్లో మీరు పిల్లలను ఎలా పంపుతున్నారో కూడా చెప్పండి.


బడిపంతులు (రాజోలు)

అమ్మా, నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. ముందు మీ సీటు ప్రశ్నకు జవాబు చెబుతాను. మీ ప్రాంతపు హైస్కూలు సీటు లేదని మీ అమ్మాయిని వెనక్కి పంపడానికి వీల్లేదు. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ ఎనిమిదో తరగతి వరకు ఉచితంగా చదువుకునే హక్కు ఇచ్చింది. ప్రవేశ పరీక్ష ఉండదు, రుసుము ఉండదు. జూన్‌లో చేర్చలేక ఆలస్యమైనా 15వ సెక్షన్ ప్రకారం చేర్చుకోవాల్సిందే. కాబట్టి సీటు పోతుందన్న భయంతో ఇప్పుడు ఎవరికీ ఐదు వేలు కట్టకండి.

చేరే పద్ధతి ఏమిటంటే, ఐదో తరగతి పూర్తవగానే మీ బడి హెచ్‌ఎం టీసీ లాంటి రికార్డ్ షీటు ఇస్తారు. చాలా ఊళ్లలో ప్రాథమిక పాఠశాలవారే ఆ తరగతి పిల్లలందరి రికార్డ్ షీట్లు హైస్కూలుకు పంపేస్తారు. మీకు వేరే బడి కావాలంటే ముందే చెప్పి మీ చేతికి తీసుకోండి. దానితో పాటు పిల్ల ఆధార్, తల్లి ఆధార్, తల్లి బ్యాంకు పాసుపుస్తకం, రేషన్ కార్డు నకళ్లు, కుల ధ్రువీకరణ పత్రం, నాలుగు ఫొటోలు పట్టుకెళ్లండి. ఏదైనా కాగితం లేకపోయినా చేర్చుకుంటారు. తర్వాత ఇవ్వవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి. రికార్డ్ షీటు చేతికి రాగానే పేరు, ఇంటి పేరు, పుట్టిన తేదీ ఒక్కో అక్షరం చదవండి. పుట్టిన ధ్రువపత్రంలో ఒకటి, ఆధార్‌లో ఒకటి, బడి రిజిస్టరులో ఒకటి ఉన్న పిల్లలను ఏటా చూస్తున్నాను. ఐదేళ్లు ఎవరూ పట్టించుకోరు. పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల జాబితా) పంపే వేళకు ఇంట్లో ఆందోళన మొదలవుతుంది. బడి రిజిస్టరులోని తేదీయే పదో తరగతి సర్టిఫికెట్‌లోకి వస్తుంది. ఆ సర్టిఫికెట్టే పిల్లకు జీవితాంతం పుట్టిన తేదీకి ఆధారం. ప్రాథమిక పాఠశాలలో ఉండగానే పుట్టిన ధ్రువపత్రం చూపించి సరి చేయించుకుంటే పని ఊళ్లోనే అయిపోతుంది. పదో తరగతి దాటాక అదే పనికి ఎన్నో గడపలు ఎక్కాలి.

ఇంకొకటి. మీ పిల్లకు ఆన్‌లైన్‌లో పెన్ నంబరు, అంటే విద్యార్థి శాశ్వత గుర్తింపు సంఖ్య ఉంటుంది. పాత బడివారు బడుల వివరాలుండే యూడైస్ ప్లస్ వెబ్‌సైటులో పిల్లను విడుదల చేస్తేనే కొత్త బడివారు తమ జాబితాలోకి తీసుకోగలరు. ఆ నంబరు రికార్డ్ షీటు మీద రాయించుకోండి. బడి పిల్లల తల్లులకు ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు ఆగిపోయాయని వచ్చే తల్లుల్లో కొందరి ఇబ్బంది అక్కడే మొదలవుతుంది.


పాలకొల్లు అమ్మ

మాస్టారు చెప్పిన హక్కుల మాట నిజమే. కానీ హక్కు ఉన్నంత మాత్రాన చదువు వస్తుందా? మా బాబును నేను ఆరో తరగతిలోనే ప్రైవేటు బడికి మార్చాను. అంతకుముందు మా ఊరి బడిలో అయిదు తరగతులకు ఇద్దరే ఉపాధ్యాయులు. వాళ్లు మంచివాళ్లే, కానీ ఇద్దరు ఎన్ని తరగతులు చూస్తారు? ఇప్పుడు బాబు నలుగురిలో నిలబడి ఇంగ్లీషులో మాట్లాడుతున్నాడు. బస్సు మా వీధి చివరికే వస్తుంది. వారానికొక పరీక్ష, మార్కులు ఫోనుకు వస్తాయి. ఉద్యోగానికి వెళ్లే తల్లికి అది చిన్న సాయం కాదు.

ఖర్చు మాత్రం దాచను. ఫీజు ఒకటి, బస్సు ఒకటి, పుస్తకాలు వాళ్ల దగ్గరే కొనాలి, యూనిఫాం రెండు రకాలు, బూట్లు రెండు జతలు. మొదట్లో చెప్పిన మొత్తానికి సగం మళ్లీ కలుస్తుంది. మీరు కౌలు రైతులంటున్నారు కాబట్టి ఐదేళ్ల లెక్క వేసుకుని అప్పుడు అడుగు వేయండి. ఒక్క ఏడాది లెక్క చూసి చేర్చి, ఎనిమిదిలో కట్టలేక మాన్పిస్తే పిల్ల మనసు విరిగిపోతుంది.


గట్టుమీద ఇల్లు (తణుకు)

పాలకొల్లు అమ్మగారు ఖర్చు దాచకుండా చెప్పినందుకు కృతజ్ఞతలు. చాలామంది అది చెప్పరు.

ప్రైవేటు వైపు వెళ్లేవారు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఎనిమిదో తరగతి లోపు ప్రవేశానికి పిల్లలకు గాని తల్లిదండ్రులకు గాని పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టకూడదు. అది 13వ సెక్షన్. మొదటిసారి ఉల్లంఘిస్తే 25,000 రూపాయల వరకు, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 వరకు జరిమానా ఉంది. క్యాపిటేషన్ ఫీజు (సీటు కోసం విరాళం పేరుతో అడిగే డబ్బు) వసూలు చేస్తే దానికి పది రెట్ల వరకు జరిమానా. టాలెంట్ టెస్ట్ అని పేరు మార్చి పెట్టేది కూడా పరీక్షే. ఆ మార్కులు చూపించి మీ అమ్మాయికి ఫీజులో రాయితీ ఇస్తున్నామంటారు. రాయితీ పోను ఎంత, వచ్చే ఏడాది ఎంత అన్నది కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వని మాటను నమ్మి డబ్బు కట్టవద్దు.

బస్సు సంగతి. మన రాష్ట్రంలో స్కూలు బస్సుల ఫిట్‌నెస్ గడువు ఏటా మే 15తో ముగుస్తుంది. బడి తెరిచేలోపు రవాణా శాఖ దగ్గర మళ్లీ తనిఖీ చేయించుకోవాలి. జూన్‌లో పిల్లను ఎక్కించే ముందు ఫిట్‌నెస్ అయిందా అని అడగండి. డ్రైవరు పక్కన సహాయకుడు ఉన్నాడో లేదో చూడండి. మన కాలవగట్టు రోడ్ల మీద రెండు బస్సులు ఎదురైతే ఏమవుతుందో నేను చెప్పనక్కర్లేదు.

మా పెద్దవాడి విషయంలో ఒక ప్రైవేటు బడి ఫీజు బాకీ పేరుతో టీసీ ఇవ్వకుండా మమ్మల్ని తిప్పింది. అప్పుడు ఎంఈవో (మండల విద్యాశాఖాధికారి) గారి దగ్గరకు వెళ్తే చట్టంలో 5వ సెక్షన్ చూపించారు. ప్రైవేటు నుంచి ప్రభుత్వ, ఎయిడెడ్ బడికి మారే పిల్లవాడికి టీసీ వెంటనే ఇవ్వాలి, టీసీ ఆలస్యమైందని కొత్త బడివారు చేర్చుకోకుండా ఆపకూడదు. మావాడు ముందు హైస్కూల్లో చేరాడు, టీసీ తర్వాత వచ్చింది.


పెద్దాపురం పూర్వ విద్యార్థి

వైనతేయతీరం గారూ, నేను పెద్దాపురం నవోదయలో చదివాను. మాది ముమ్మిడివరం దగ్గర ఊరు. పాప పరీక్ష రాసింది కాబట్టి సంతోషం. ఈ చర్చ చదివే నాలుగో తరగతి తల్లిదండ్రుల కోసం వివరంగా రాస్తున్నాను.

నవోదయ దరఖాస్తు ఐదో తరగతి మొదలైన కొద్ది రోజులకే వస్తుంది, జూన్, జూలై నెలల్లోనే కనిపెట్టుకుని ఉండాలి. దరఖాస్తుకు రుసుము లేదు. హెచ్‌ఎం సంతకం చేసిన ధ్రువపత్రం, ఫొటో, పిల్లల సంతకం, తల్లి లేదా తండ్రి సంతకం అప్‌లోడ్ చేయాలి. జీవితంలో ఒక్కసారే రాయవచ్చు. పుట్టిన తేదీ హద్దు కూడా గట్టిగా చూస్తారు. 2026-27 ప్రవేశానికి 2014 మే 1 నుంచి 2016 జూలై 31 మధ్య పుట్టినవారికే అవకాశం ఇచ్చారు. పరీక్ష ఒకప్పుడు జనవరిలో ఉండేది, 2025లో డిసెంబరు 13కే పెట్టారు.

ప్రశ్నలు 80, మార్కులు 100, సమయం రెండు గంటలు. మేధాశక్తి 40 ప్రశ్నలకు 50 మార్కులు, గణితం 20 ప్రశ్నలకు 25, భాష 20 ప్రశ్నలకు 25. తెలుగులోనే రాయవచ్చు, తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. ఒక్కో విద్యాలయంలో ఆరో తరగతికి 80 సీట్లకు మించవు. అందులో కనీసం 75 శాతం గ్రామీణ పిల్లలకు, మూడో వంతు ఆడపిల్లలకు. గ్రామీణ కోటా కావాలంటే మూడు, నాలుగు, అయిదు తరగతులు పూర్తిగా పల్లె బడిలో చదివి ఉండాలి. మధ్యలో అమలాపురం, భీమవరం లాంటి పట్టణంలో కొన్నాళ్లు చదివించి తీసుకొస్తే పట్టణ అభ్యర్థి కిందకే వెళ్తారు.

లోపలి జీవితం గురించి కూడా చెబుతాను. తిండి, బట్టలు, పుస్తకాలు, వసతి అన్నీ ఉచితం. తొమ్మిది నుంచి కొందరు నెలకు 600 రూపాయలు కట్టాలి. ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు, దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు. తొమ్మిదో తరగతిలో సుమారు 30 శాతం మందిని ఏడాది పాటు హిందీ మాట్లాడే ప్రాంతంలోని మరో నవోదయకు పంపుతారు. నేను అలా వెళ్లాను. మొదటి రెండు నెలలు ఏడ్చాను. ఆ ఏడాదే నాకు భయం పోయింది. మా అమ్మ మాత్రం ఆ ఏడాది మొత్తం సరిగా తినలేదని తర్వాత తెలిసింది. పదకొండేళ్లకే పిల్లను ఇంటి నుంచి పంపగల మనసు మీకుందా, ఉండగల స్వభావం పాపకుందా అన్నది మీరు ఇద్దరూ కూర్చుని పాపతోనే మాట్లాడండి.


కొబ్బరితోట (ఐ.పోలవరం)

మా అబ్బాయి నాలుగు చదువుతున్నాడు. మాకు పెద్దాపురం కన్నా యానాం బాగా దగ్గర, వారధి దాటితే చాలు. యానాంలోనూ నవోదయ ఉంది కదా, అక్కడికి దరఖాస్తు చేయవచ్చా?


పెద్దాపురం పూర్వ విద్యార్థి

కుదరదు అన్నయ్యా. యానాం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం కిందకు వస్తుంది. నవోదయ ఏ జిల్లాలో ఉందో ఆ జిల్లాలోనే నివాసం ఉండాలి, ఐదో తరగతి కూడా అక్కడే చదువుతూ ఉండాలి. కొత్త జిల్లాలకు పాత ఉమ్మడి జిల్లా హద్దులే చూస్తారు కాబట్టి కోనసీమ పిల్లలకు పెద్దాపురమే. 2022లో కొత్త జిల్లాలు వచ్చాక పెద్దాపురం కాకినాడ జిల్లాలోకి, పశ్చిమ గోదావరి వారి నవోదయ ఉన్న పెదవేగి ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి. ఫారం నింపేటప్పుడు జిల్లా పేరు దగ్గర తొందరపడకండి.


ఏటిపాయ (కనకాయలంక)

ఈ జిల్లా నిబంధన మాలాంటివారికి పెద్ద చిక్కు. కనకాయలంక పశ్చిమ గోదావరి జిల్లా యలమంచిలి మండలంలో ఉంది. మాకు రోడ్డు దారి మాత్రం కోనసీమ వైపు, చాకలిపాలెం మీదుగా. బియ్యం నుంచి మందుల వరకు అన్నిటికీ అటే వెళ్తాం, పిల్లల బడి కూడా అటు చూసుకునేవాళ్లున్నారు. ఇల్లు ఒక జిల్లాలో, బడి మరో జిల్లాలో అయితే నవోదయ దరఖాస్తు దగ్గర ఆగిపోతుంది. లంకల్లో ఉండేవారు పిల్లను మూడో తరగతిలో వేసేటప్పుడే ఈ సంగతి ఆలోచించుకోవాలి.

అక్కా, మీ ఊరి కాజ్‌వే మునిగే రోజుల గురించి మాట్లాడుకుందాం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక ఇస్తారు. మా దారి చాలాసార్లు అంతకుముందే మునిగిపోతుంది. అంటే టీవీలో వరద అని చెప్పే వేళకు మా పిల్లలకు బడి లేక కొన్ని రోజులు గడిచిపోయి ఉంటాయి. పడవ వేస్తారు. లైఫ్ జాకెట్ లేకుండా మాత్రం పిల్లను ఎక్కించకండి. ఎవరు ఏమన్నా సరే. నీళ్లు ఉధృతంగా ఉన్న రోజు బడి మానిపించడమే మేలు, ఒక పాఠం పోతే పోయింది.


వైనతేయతీరం

అందరికీ ధన్యవాదాలు. రికార్డ్ షీటు మాట చదివి నిన్ననే బడికి వెళ్లి రిజిస్టరు చూశాను. మా అమ్మాయి ఇంటి పేరులో ఆధార్‌లో ఉన్న ఒక అక్షరం బడిలో లేదు. హెచ్‌ఎం గారు పుట్టిన ధ్రువపత్రం తెమ్మన్నారు, సరి చేస్తామన్నారు. మాస్టారూ, మీకు చాలా రుణపడి ఉన్నాను.

ఇంకో సందేహం. మా పిల్ల ఇంతవరకు హిందీ అక్షరం చూడలేదు. ప్రైవేటు బడి మనిషి, వాళ్ల దగ్గర ఒకటో తరగతి నుంచే హిందీ ఉందని, ఆరులో చేరితే సెలవుల్లో ట్యూషన్ పెట్టించుకోవాలని అన్నాడు. హైస్కూల్లో కూడా అలాగే వెనకబడుతుందా?


బడిపంతులు (రాజోలు)

లేదమ్మా. ప్రభుత్వ పాఠశాలల్లో హిందీ ఆరో తరగతి నుంచే మొదలవుతుంది. అక్షరాలు దిద్దించి నేర్పుతారు, అందరూ ఒకే చోట నుంచి బయలుదేరతారు. ఇంగ్లీషు గురించి కూడా బెంగ వద్దు. పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది. పాఠం అర్థం కాకపోతే పక్క పేజీ చూసుకుంటుంది. ఇంట్లో మీరు కూడా ఆ తెలుగు పేజీ చదివి అడగవచ్చు. తల్లి చేతికి పాఠం అందడం చాలా గొప్ప విషయం, దాన్ని తక్కువగా చూడకండి.


ఆచంట పిన్ని

మా చిన్నమ్మాయి జిల్లా పరిషత్ హైస్కూల్లోనే ఆరు నుంచి పది వరకు చదివింది. ఇప్పుడు నూజివీడు ట్రిపుల్ ఐటీలో ఉంది. గొప్ప కోసం చెప్పడం లేదు తల్లీ, ఈ దారి చాలామందికి తెలియదు.

నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో సీటు పదో తరగతి మార్కుల మీదే ఇస్తారు, వేరే ప్రవేశ పరీక్ష లేదు. ఇంటర్ రెండేళ్లు, ఇంజినీరింగ్ నాలుగేళ్లు కలిపి ఆరేళ్ల చదువు. హాస్టల్ లేని ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లలకు మార్కులకు 4 శాతం అదనంగా కలుపుతారు. ఆ నాలుగు శాతం దగ్గర ఎంతమంది తారుమారవుతారో జాబితా వచ్చిన రోజు చూస్తే తెలుస్తుంది. ఐఐటీ ఫౌండేషన్ అని ఆరో తరగతి నుంచి లక్షలు పోసేవారు ఈ సంగతి ఒక్కసారైనా ఆలోచించాలి.

ఇంకోటి ఎన్‌ఎంఎంఎస్ ఉపకార వేతనం. ఎనిమిదో తరగతిలో పరీక్ష ఉంటుంది. మేధాశక్తికి 90, పాఠ్యాంశాలకు 90 మార్కులు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయలు పిల్ల ఖాతాలోనే పడతాయి. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే ఇది. ప్రైవేటు బడి పిల్లలకు, నవోదయ పిల్లలకు లేదు. కుటుంబ ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. మా పిల్లకు సైకిలు, పుస్తకాలు, కళ్లజోడు అన్నీ ఆ డబ్బులతోనే గడిచాయి. మీ పాపకు లెక్కలంటే ఇష్టం అన్నారుగా, ఆరో తరగతి నుంచే ఈ పరీక్ష మనసులో పెట్టుకోండి.


పాలకొల్లు అమ్మ

ఆచంట పిన్ని గారి పాప బాగా చదువుకున్నందుకు చాలా సంతోషం. నా ప్రశ్న ఒక్కటే. అన్ని హైస్కూళ్లు అలా ఉన్నాయా? మా బంధువుల ఊళ్లో ఏడాది పొడవునా లెక్కల మాస్టారు లేరు. పదో తరగతి పిల్లలకు జనవరిలో వేరే బడి నుంచి ఒకరిని పంపారు. అలాంటి బడిలో వేసి హక్కు హక్కు అంటే పిల్ల నష్టపోతుంది. నేను ప్రైవేటుకు వెళ్లింది గొప్ప కోసం కాదు.


బడిపంతులు (రాజోలు)

మీ ప్రశ్న సరైనదే అమ్మా. దానికి కోపం తెచ్చుకునే ఉపాధ్యాయుడు ఉండకూడదు. ఖాళీలు ఉన్న మాట నిజం. 2025లో మెగా డీఎస్సీ కింద 16,347 ఉపాధ్యాయ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చి నియామకాలు చేశారు, చాలా బడులకు మేలు జరిగింది, అయినా ప్రతి బడికీ ప్రతి సబ్జెక్టుకూ మనిషి ఉన్నారని చెప్పలేను.

అందుకే అందరికీ ఒక మాట చెబుతాను. ఏ బడి అయినా సరే, ఏప్రిల్‌లో ఒక పని దినాన వెళ్లి చూడండి. సెలవుల్లో వెళ్తే గోడలు మాత్రమే కనిపిస్తాయి. లెక్కలు, భౌతికశాస్త్రం, ఇంగ్లీషు చెప్పేవారు ఉన్నారా, ఎన్నాళ్లుగా ఉన్నారు అని అడగండి. ప్రైవేటు బడిలోనూ ఇదే అడగండి, అక్కడ ఉపాధ్యాయులు ఏడాది మధ్యలో మారిపోవడం ఎక్కువ. ఆడపిల్లల మరుగుదొడ్డికి నీళ్లు వస్తున్నాయా, తలుపుకు గడియ ఉందా అని తల్లులు లోపలికి వెళ్లి చూడాలి. పదో తరగతి పిల్ల ఒకరిని పిలిచి నోటుపుస్తకం చూపించమనండి. ఉపాధ్యాయులు దిద్దిన గుర్తులు ఉంటే ఆ బడిలో పని జరుగుతున్నట్లే.

మధ్యాహ్నం దాకా ఉండి భోజనం కూడా చూడండి. ఆ పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. లంకల గన్నవరంలో ఆకలితో వచ్చినవారందరికీ అన్నం పెట్టిన తల్లి ఆమె, మీ మండలపు మనిషి. ఆ పేరున్న భోజనం ఎలా ఉందో చూసి, బాగా లేకపోతే అడిగే హక్కు మీది.

చివరగా, పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవారు ఉండాలి. లెక్కల మాస్టారు లేని బడి నుంచి చదువుకున్న తల్లిదండ్రులందరూ వెళ్లిపోతే ఆ ఖాళీ గురించి గట్టిగా అడిగేవారే మిగలరు. ఇది పాలకొల్లు అమ్మగారిని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఎవరి పిల్ల వారికి ముందు.


రేవుదగ్గర (సఖినేటిపల్లి)

నేను రోజూ పంటు (పెద్ద పడవ) మీద గోదావరి వశిష్ఠ పాయ దాటి నరసాపురం వెళ్లి వచ్చేవాడిని. ఇద్దరు పిల్లలను అలా దాటించే చదివించాం. ఆ అనుభవంతో రెండు మాటలు.

దూరాన్ని కిలోమీటర్లలో కొలవకండి, పిల్ల ఇంటి నుంచి ఎన్నింటికి బయలుదేరుతుంది, ఎన్నింటికి తిరిగి వస్తుంది అని కొలవండి. పట్నం బడి బస్సు ఏడింటికి వస్తే, మీరు లంక నుంచి ఆరున్నరకే కదలాలి. సాయంత్రం స్టడీ అవర్ అంటారు, చలికాలంలో చీకటి పడ్డాక కాజ్‌వే దాటాలి. నాలుగు కిలోమీటర్ల హైస్కూలుకు ఊళ్లోని అయిదారుగురు పిల్లలు కలిసి సైకిళ్ల మీద వెళ్తే ఒకరికొకరు తోడు. మీ లంక నుంచి ఇంకెవరు ఆరులోకి వెళ్తున్నారో ఆ తల్లులతో మాట్లాడండి. అందరూ ఒకే బడి అనుకుంటే సగం భయం తీరిపోతుంది.

ఆరు నుంచి ఎనిమిది తరగతులకు మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలన్నది రాష్ట్ర నిబంధన. మీకు నాలుగు అంటున్నారు కాబట్టి రవాణా భత్యం గురించి హెచ్‌ఎం గారిని, ఎంఈవో గారిని రాతపూర్వకంగా అడగండి. మెయిన్ రోడ్డు మీద ఆర్టీసీ పల్లెవెలుగు తిరుగుతుంటే 2025 ఆగస్టు 15 నుంచి ఆడపిల్లలకు టికెట్ డబ్బు లేదు, ఆధార్ చూపిస్తే చాలు.

2022 జూలైలో మూడో హెచ్చరిక కూడా దాటి వచ్చిన వరద మనందరికీ గుర్తుంది. అలాంటప్పుడు బడులే పునరావాస కేంద్రాలవుతాయి, ఎవరికీ తరగతులు ఉండవు. ఇబ్బంది చిన్న వరదలతో. బడి నడుస్తుంది, మీ దారి మాత్రం మునిగి ఉంటుంది. జూన్‌లోనే లంక తల్లిదండ్రులందరూ కలిసి హెచ్‌ఎం గారికి ఒక అర్జీ ఇవ్వండి. ఆ రోజుల పాఠాలు తర్వాత చెప్పించమని, హాజరు విషయంలో కారణం నమోదు చేయమని రాయండి. మా బడిలో లంక పిల్లలకు ఆదివారాలు పాఠాలు చెప్పిన సోషల్ మాస్టారు ఒకరుండేవారు. అడిగితేనే ఆయనకు తెలిసింది.


వైనతేయతీరం

నవోదయ మొదటి జాబితా వచ్చింది, మా అమ్మాయి పేరు లేదు. రెండు రోజులు ముభావంగా ఉంది, ఇప్పుడు తేరుకుంది. హైస్కూలుకు వెళ్లి చూశాం, మావారూ వచ్చారు. లెక్కల టీచరు గారు అక్కడ చాలాకాలంగా పనిచేస్తున్నారు. మా అమ్మాయిని పిలిచి ఒక లెక్క ఇచ్చి, చేశాక ఇంకో పద్ధతిలో చేయగలవా అని అడిగారు. ఇంటికి వచ్చే దారంతా ఆ రెండో పద్ధతి గురించే చెబుతూ వచ్చింది. మరుగుదొడ్డి ఒకటి బాగుంది, ఒకదానికి తలుపు సరిగా పడదు. హెచ్‌ఎం గారికి చెప్పాను, బడి తెరిచేలోపు చేయిస్తామన్నారు. నేను మళ్లీ వెళ్లి చూస్తాను.

మా లంక నుంచి ఈసారి ఏడుగురు పిల్లలు ఆరులోకి వస్తున్నారు. నలుగురు తల్లులు మాతో పాటే చేరుస్తామన్నారు. ఇద్దరు ప్రైవేటుకు డబ్బు కట్టేశారు. పడవకు లైఫ్ జాకెట్ల కోసం ఊరి సచివాలయంలో అర్జీ పెట్టాం.

చివరి ప్రశ్న. హైస్కూల్లో చేర్చాక నవోదయ రెండో జాబితాలో పేరు వస్తే అప్పుడు వెళ్లడానికి అడ్డు ఏమైనా ఉంటుందా? మా ఆడపడుచు, ఎక్కడా చేర్చకుండా ఆగండి అంటోంది.


బడిపంతులు (రాజోలు)

ఆగవద్దమ్మా. బడి తెరిచిన రోజే చేర్చండి. ఎవరైనా సీటు వదిలేస్తే నవోదయవారు వెయిటింగ్ జాబితా నుంచి పిలుస్తారు, బడులు తెరిచాక కూడా పిలిచే అవకాశం ఉంది. అప్పుడు హైస్కూలు నుంచి టీసీ తీసుకుని వెళ్లవచ్చు, ఎవరూ ఆపరు. రికార్డ్ షీటు ఇచ్చే ముందు మూడు నకళ్లు తీసి ఉంచుకోండి, కుల ధ్రువీకరణ పత్రం, నివాసానికి ఆధారం, మూడు నుంచి అయిదు వరకు పల్లె బడిలో చదివినట్లు హెచ్‌ఎం గారి ధ్రువపత్రం ఇప్పుడే సిద్ధం చేసుకోండి. పిలుపు వస్తే గడువు కొద్ది రోజులే ఇస్తారు. దరఖాస్తులో ఇచ్చిన ఫోను నంబరు మార్చకండి, మీవారి ఫోనైతే తోటలో ఉన్నప్పుడు కూడా తీసేలా చెప్పండి.


పాలకొల్లు అమ్మ

ఆ తలుపు సంగతి జూన్‌లో తప్పకుండా చూడండి వైనతేయతీరం గారూ. బాగుపడకపోతే ఇక్కడ చెప్పండి. మా చెల్లెలు మీ పక్క మండలంలో యాజమాన్య కమిటీలో ఉంది, మరమ్మతుల కోసం అర్జీ ఎవరికి ఎలా రాయాలో తను చెబుతుంది.